మెయిల్ రాలేదండీ



ఆఫీసుల్లో పని అప్పగించే తీరు మారిపోయింది. ఒకప్పుడు మేనేజరుగారు పిలిచి చెప్పేవారు, లేదంటే ఫైలు మీద రెండు ముక్కలు రాసి కిందికి పంపేవారు. ఇప్పుడు స్లాక్‌లోనో, మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోనో, జీరాలోనో, ట్రెల్లోలోనో ఒక టాస్క్ తయారవుతుంది. ఎవరి పేరు మీద పడితే వాళ్లకి ఈమెయిల్ వెళ్తుంది, ఈ పని మీది, ఫలానా తేదీలోగా పూర్తి చేయాలని. అది చూసుకునే మనిషి పనిలోకి దిగుతాడు. గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనే ఇలా జరుగుతోందనుకోకండి. గుంటూరు ఆసుపత్రి బిల్లింగ్ సెక్షన్‌లో, విజయవాడ ఆడిట్ ఆఫీసులో, కరీంనగర్ గ్రానైట్ వ్యాపారి దగ్గర కూడా ఇదే వరస.

మరి ఆ మెయిల్ రాకపోతే? ఎవరికీ ఏమీ తెలియదు. ఇబ్బందంతా అక్కడే ఉంది. ఫోన్ కలవకపోతే వెంటనే తెలుస్తుంది, మళ్లీ చేస్తాం. రాని మెయిల్ గురించి చెప్పేవాళ్లు లేరు. పంపినాయన పంపేశాననుకుంటాడు, అందుకోవాల్సినావిడ ఇవాళ కొత్త పనేమీ లేదనుకుంటుంది. గడువు దాటాక ఇద్దరికీ మాటామాటా వస్తుంది. "మెయిల్ రాలేదండీ" అని ఆవిడ అంటే పైవాళ్లు దాన్ని సాకుగా కొట్టిపారేస్తారు. కానీ చాలాసార్లు ఆ మాట నిజం. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడం ఎలాగో, అసలు ఆ మాట అనాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం ఎలాగో ఇవాళ చెబుదామని వచ్చాను.

నాకు బాగా తెలిసిన ఒక ఆడిట్ ఆఫీసు ఉంది. పట్టుమని పదిహేను మంది లేని చిన్న ఆఫీసు. క్లయింట్ల జీఎస్‌టీ గడువులన్నీ ఒక టాస్క్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నారు. అది వాళ్లు అద్దెకు తీసుకున్న సర్వర్ మీదే నడుస్తుంది, వాళ్ల ఆఫీసు డొమైన్ పేరుతోనే మెయిళ్లు పంపుతుంది. నెలనెలా జీఎస్‌టీఆర్-3బీ రిటర్ను వేసేవారికి 20వ తేదీ గడువు కదా, 17న ఒకటి, 19న ఒకటి రిమైండర్లు అందరికీ వెళ్లే ఏర్పాటు. చాలాకాలం ఇబ్బంది లేకుండా నడిచింది. ఒక నెల మాత్రం ఇద్దరు క్లయింట్ల రిటర్నులు గడువు దాటిపోయాయి. రోజుకు 50 రూపాయల చొప్పున ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. డబ్బు సంగతి అలా ఉంచండి, క్లయింట్ దగ్గర మాట పోయింది.

ఆ ఫైళ్లు చూసే అమ్మాయిని పిలిచి అడిగారు. "నాకు మెయిల్ రాలేదు సార్" అంది. సాఫ్ట్‌వేర్‌లో లాగ్ తీశారు. ఆ అమ్మాయి పేరుకు ఎదురుగా 'సెంట్' అని ఉంది, పక్కన పచ్చ టిక్కు కూడా ఉంది. ఇక ఆ పిల్ల మాట ఎవరు నమ్ముతారు? ఎవరికో అనుమానం వచ్చి జంక్ ఫోల్డర్ తెరిపించారు. రెండు రిమైండర్లూ అందులో ఉన్నాయి. మిగతా వాళ్లవి తెరిస్తే వాళ్లకీ జంక్‌లోనే పడ్డాయి. వాళ్లు తేదీలు గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చారు, ఈ అమ్మాయి కొత్తది, రిమైండర్ మీద ఆధారపడింది. అంతే తేడా.

కారణం వెతికితే, ఆ నెల మొదట్లో ఆఫీసు వెబ్‌సైట్‌ను కొత్తగా చేయించారని తేలింది. చేసినతను సైట్‌ను వేరే హోస్టింగ్‌కి మార్చాడు, మారుస్తూ డొమైన్ నేమ్ సర్వర్లు కూడా మార్చాడు. పాత చోట ఉన్న డీఎన్‌ఎస్ రికార్డుల్లో, అంటే డొమైన్ పేరుకు చెందిన వివరాలు రాసి ఉండే వరుసల్లో, సైట్ కనిపించడానికి కావలసినవి కొత్త చోట పెట్టాడు. బయటి నుంచి మెయిల్ రావడానికి ఎంఎక్స్ రికార్డు ఉండాలి, అదీ పెట్టాడు. టీఎక్స్‌టీ రికార్డులని ఇంకో మూడు నాలుగు వరుసలు ఉన్నాయి, అర్థంపర్థం లేనట్టు కనిపించే అక్షరాలతో. అవి వదిలేశాడు. సైట్ అందంగా వచ్చింది, మెయిళ్లు వస్తున్నాయి, బిల్లు చెల్లించేశారు. ఆఫీసు నుంచి బయలుదేరే మెయిల్‌కు గుర్తింపు పోయిన సంగతి ఎవరి కంటా పడలేదు.

ఆ వరుసలు ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు 1971లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీద మెయిల్ పంపాడు. మనం ఈరోజుకీ మెయిల్ ఐడీలో పెట్టే 'ఎట్' గుర్తు ఆయన ఎంచుకున్నదే. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ఈ మెయిళ్లు చేరవేసే పద్ధతికి నియమాలు రాశాడు. ఎస్‌ఎంటీపీ అంటారు దాన్ని. ఇప్పటికీ మెయిల్ నడిచేది దాని మీదే. అప్పట్లో ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు విశ్వవిద్యాలయాల వాళ్లు, పరిశోధకులు, చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్లు. అందుకని, పంపేది నిజంగా ఫలానా మనిషేనా అని అడిగే పద్ధతి ఆ నియమాల్లో పెట్టుకోలేదు. మనం ఉత్తరం కవరు మీద 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరు రాసినా పోస్టుడబ్బా మింగేస్తుంది. మెయిల్ కూడా అలాంటిదే. మీ ఆఫీసు డొమైన్ పేరు పెట్టి ప్రపంచంలో ఎక్కడి నుంచైనా ఎవరైనా మెయిల్ పంపగలరు. ఆ నియమాలు రాయకముందే, 1978 మే 3న, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్యారీ థర్క్ తమ కంప్యూటర్ల గురించి దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. మనం స్పామ్ అంటున్న దాంట్లో మొదటిదిగా దాన్నే చెప్తారు.

మోసాలు పెరిగాక గుర్తింపు పద్ధతులు ఒక్కొక్కటే వచ్చాయి. ఎస్‌పీఎఫ్ అనేది 2006లో రాతపూర్వకంగా వచ్చింది. మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఈ సర్వర్లకే ఉంది అని డొమైన్ యజమాని డీఎన్‌ఎస్‌లో రాసిపెట్టుకునే జాబితా అది. మరుసటేడు డీకిమ్ వచ్చింది. పంపే సర్వర్ దగ్గర ఒక రహస్య తాళంచెవి ఉంటుంది, దాంతో ప్రతి మెయిల్ మీదా సంతకం పడుతుంది. ఆ సంతకాన్ని సరిచూసే రెండో తాళంచెవి డీఎన్‌ఎస్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. దారిలో మెయిల్‌లో అక్షరం మారినా సంతకం సరిపోదు. ఇక డీమార్క్. దాన్ని 2012లో ప్రకటించారు, 2015లో నియమావళిగా ప్రచురించారు. మెయిల్ తెరవగానే మనకు పైన కనిపించే డొమైన్ పేరుకూ, ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఒప్పుకున్న పేరుకూ పొంతన ఉందా లేదా అని అది చూస్తుంది. పొంతన లేకపోతే ఏం చేయాలో కూడా డొమైన్ యజమానే అందులో చెప్పుకోవచ్చు, ఊరికే వదిలేయండి అనో, స్పామ్‌లో పడేయండి అనో, తిప్పికొట్టండి అనో.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ మూడింటినీ గట్టిగా అడగడం మొదలుపెట్టాయి. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లకు మూడూ ఉండాలి. అప్పటిదాకా చూసీచూడనట్టున్న మైక్రోసాఫ్ట్ కూడా 2025 మేలో అవుట్‌లుక్, హాట్‌మెయిల్ వ్యక్తిగత ఖాతాలకు ఇలాంటి నియమమే పెట్టింది. మనది చిన్న ఆఫీసు, రోజుకు వంద మెయిళ్లు కూడా ఉండవు, మనకెందుకులే అంటారు చాలామంది. జీమెయిల్‌కు మెయిల్ పంపే ప్రతివాళ్లకూ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలని అదే నియమాల్లో ఉంది. ఆ ఆడిట్ ఆఫీసుకు ఆ నెలలో రెండూ లేవు.

ఇక్కడ ఒక విషయం ముందే తేల్చుకోండి, బోలెడు సమయం కలిసొస్తుంది. మీ యాప్ ఎవరి పేరుతో మెయిల్ పంపుతోంది? స్లాక్, ట్రెల్లో లాంటివి సాధారణంగా తమ సొంత డొమైన్ పేరుతోనే పంపుతాయి. వాటి ఎస్‌పీఎఫ్, డీకిమ్ వాళ్లు చూసుకుంటారు. వాటి మెయిల్ మీకు చేరడం లేదంటే మీ డీఎన్‌ఎస్‌లో ఎంత తవ్వినా ప్రయోజనం లేదు, లోపం చాలావరకు మీరు అందుకునే వైపే ఉంటుంది. అలా కాకుండా మీరే సర్వర్ మీద పెట్టుకున్న మాటర్‌మోస్ట్, నెక్స్ట్‌క్లౌడ్, రెడ్‌మైన్ లాంటివైతే, లేదా మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపేలా పెట్టుకున్న ఏ సర్వీసైనా సరే, పంపే వైపు బాధ్యత మీది. ఈ తేడా తెలియక హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే, వాళ్లు యాప్ వాళ్లను అడగమంటారు, యాప్ వాళ్లు మీ ఐటీ వాళ్లను అడగమంటారు. "మా వైపు అంతా బాగానే ఉందండీ" అనే మాట ముగ్గురి దగ్గరా వింటారు.

పంపే వైపు మీదైతే, ఎక్కువగా జరిగే పొరపాట్లు నేను చూసినంతలో ఇవి. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. కొత్త సర్వీసు చేరినప్పుడల్లా పాతదాన్ని సరిదిద్దకుండా ఇంకో ఎస్‌పీఎఫ్ వరుస కలిపేస్తారు. రెండు కనిపించాయంటే అందుకునే సర్వర్ రెండింటినీ లెక్కచేయదు. ఇంకోటి, ఎస్‌పీఎఫ్‌ను సరిచూసేటప్పుడు పదికి మించి డీఎన్‌ఎస్ వెతుకులాటలు జరగకూడదని నియమం. గూగుల్ మెయిల్ ఒకటి, జీతాల సాఫ్ట్‌వేర్ ఒకటి, బల్క్ మెయిళ్లు పంపే సర్వీసు ఒకటి, ఇలా చేర్చుకుంటూ పోతే పది ఎప్పుడు దాటిందో తెలియదు. దాటిన రోజు నుంచి ఆ పరీక్ష తప్పిపోవచ్చు. వాడడం మానేసిన సర్వీసుల పేర్లు అందులోంచి తీసేయడం మంచిది. డీకిమ్ తాళంచెవి 2048 బిట్లదైతే ఆ వరుస 255 అక్షరాలు దాటుతుంది, కొన్ని హోస్టింగ్ ప్యానెళ్లలో దాన్ని ముక్కలుగా విడగొట్టి పెట్టాలి. ఒకే ముక్కగా అతికిస్తే చివర కత్తిరించుకుపోతుంది. చూడ్డానికి రికార్డు ఉన్నట్టే ఉంటుంది, సంతకం మాత్రం ఎప్పటికీ సరిపోదు.

క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని అందులో యాప్ పెట్టుకున్నవాళ్లకు వేరే తిప్పలు. స్పామ్ భయంతో అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లు మెయిల్ బయటికి వెళ్లే 25వ నంబరు పోర్టును మామూలుగా మూసేసి ఉంచుతాయి. యాప్ మెయిల్ పంపబోతుంది, తలుపు మూసి ఉంటుంది, కాసేపు చూసి ఊరుకుంటుంది. మెయిల్ పంపే సర్వీసు ఏదైనా తీసుకుని, 587వ పోర్టు ద్వారా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పంపుకోవడం తేలికైన మార్గం. నెక్స్ట్‌క్లౌడ్‌లో అడ్మిన్ సెట్టింగ్స్‌లో టెస్ట్ మెయిల్ పంపే బటన్ ఉంది. మాటర్‌మోస్ట్‌లోనూ కనెక్షన్ సరిచూసుకోవచ్చు. పెట్టిన రోజు ఒకసారి ఆ బటన్ నొక్కడానికి నిమిషం కూడా పట్టదు.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. యాప్ నుంచి వచ్చిన ఏదో ఒక మెయిల్‌ను జీమెయిల్‌లో, ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో తెరవండి. కుడివైపు మూడు చుక్కలు ఉంటాయి, నొక్కితే 'షో ఒరిజినల్' అని వస్తుంది. అది తెరిస్తే పైన చిన్న పట్టిక. ఎస్‌పీఎఫ్ ఎదురుగా పాస్, డీకిమ్ ఎదురుగా పాస్, డీమార్క్ ఎదురుగా పాస్ అని ఉంటే పంపే వైపు బాగున్నట్టే. ఎక్కడైనా ఫెయిల్ అని ఉంటే ఆ తెరను ఫొటో తీసి హోస్టింగ్ వాళ్లకు పంపండి. మా వైపు బాగానే ఉందన్న మాట ఇక రాదు. ఆడిట్ ఆఫీసులో ఆ అమ్మాయి మాట నిలబడింది కూడా ఈ పట్టిక వల్లనే. పాత హోస్టింగ్ ఖాతా ఇంకా రద్దు కాలేదు కాబట్టి ఆ టీఎక్స్‌టీ వరుసలు అక్కడి నుంచి తీసుకుని కొత్త చోట పెట్టారు. మర్నాటి నుంచి రిమైండర్లు ఇన్‌బాక్స్‌లోకి వచ్చాయి. వెబ్‌సైట్ మార్చే ముందు డీఎన్‌ఎస్ పేజీ మొత్తం ఒక ఫైల్‌గా దాచుకోండి. పాత ఖాతా రద్దయిపోయి ఉంటే వాళ్లు ఎన్ని రోజులు వెతుక్కునేవాళ్లో!

ఇక అందుకునే వైపు. నా ఉద్దేశంలో ఎక్కువ మెయిళ్లు తప్పిపోతున్నది ఇక్కడే, ఎవరూ చూడనిదీ ఇక్కడే.

చాలా ఆఫీసుల్లో టీమ్ మొత్తానికి ఒక గ్రూప్ ఐడీ ఉంటుంది, అకౌంట్స్ అనో సపోర్ట్ అనో. నోటిఫికేషన్లన్నీ ఆ ఐడీకి పెట్టుకుంటారు, ఒక్క మెయిల్ వస్తే అందరికీ చేరుతుందని. ఆలోచన మంచిదే. కానీ మైక్రోసాఫ్ట్ 365లో కొత్తగా డిస్ట్రిబ్యూషన్ గ్రూప్ చేస్తే, దానికి సంస్థలో వాళ్లు మాత్రమే మెయిల్ పంపగలిగేలా ముందే అమరి ఉంటుంది. గూగుల్ గ్రూపుల్లోనూ బయటివాళ్లను అనుమతించే సెట్టింగ్ విడిగా పెట్టుకోవాలి. ట్రెల్లోనో జీరానో మీ సంస్థకు బయటి వ్యవస్థే కదా. దాని మెయిల్ గ్రూప్ గుమ్మం దగ్గరే తిరస్కారానికి గురవుతుంది. పరీక్ష కోసం మీ సొంత మెయిల్ నుంచి ఆ గ్రూప్‌కు పంపి చూస్తే బ్రహ్మాండంగా వస్తుంది, మీరు లోపలి మనిషి కాబట్టి. అందుకే చాలామంది గ్రూప్ బాగానే ఉందని తేల్చేస్తారు. బయటి మెయిల్ ఐడీ నుంచి పంపి చూడాలి.

రెండోది ఇంకా బాధాకరమైనది. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ల సంగతి. సోమవారం చేరతారని శుక్రవారమే హెచ్ఆర్ వాళ్లు ఆ పేరును యాప్‌లో చేర్చేస్తారు. ఐటీ వాళ్లు మెయిల్‌బాక్స్ తెరిచేది సోమవారం మధ్యాహ్నం. శుక్రవారం యాప్ పంపిన ఆహ్వానం అలాంటి ఐడీ లేదంటూ 550 అనే కోడ్‌తో బౌన్స్ అవుతుంది. ఐదు వందల వరుస కోడ్ అంటే శాశ్వత తిరస్కారం. మెయిల్ పంపే సర్వీసులు అలా బౌన్స్ అయిన ఐడీని ఒక నిషేధ జాబితాలో వేసుకుంటాయి, సప్రెషన్ లిస్ట్ అంటారు. లేని ఐడీలకు మళ్లీ మళ్లీ పంపితే తమ పేరు చెడుతుందని వాటి భయం, అది న్యాయమే. కానీ సోమవారం మెయిల్‌బాక్స్ తెరుచుకున్నాక కూడా ఆ ఐడీ ఆ జాబితాలోనే ఉండిపోతుంది. అందరికీ మెయిళ్లు వస్తాయి, ఆ ఒక్కరికి రావు. జంక్‌లో వెతికినా దొరకవు, ఎందుకంటే అసలు బయలుదేరనే లేదు. కొత్తవాళ్లు, నోరు తెరిచి అడగడానికి మొహమాటం. మొదటి నెలలోనే 'మెయిళ్లు చూడరు' అన్న ముద్ర పడుతుంది. ఒక్కరికే రావడం లేదంటే మొట్టమొదట యాప్ వాళ్లను అడగాల్సిన మాట ఇది: "ఈ ఐడీ మీ సప్రెషన్ లిస్ట్‌లో ఉందేమో చూసి తీసేయండి." మెయిల్‌బాక్స్ తెరిచాకే యాప్‌లో పేరు చేర్చడం అలవాటు చేసుకుంటే ఆ అవసరమే రాదు.

మన చిన్న ఆఫీసుల్లో ఇంకో పద్ధతి బాగా వ్యాపించింది. ఆఫీసు డొమైన్ మీద ఐడీ ఉంటుంది, దానికి వచ్చిన మెయిల్ ఉద్యోగి సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకుంటారు, మెయిల్‌బాక్స్‌కు డబ్బు కట్టక్కర్లేదని. ఫార్వర్డ్ అయిన మెయిల్ జీమెయిల్‌కు మీ హోస్టింగ్ సర్వర్ నుంచి వస్తుంది. అసలు పంపిన కంపెనీ ఎస్‌పీఎఫ్ జాబితాలో మీ హోస్టింగ్ సర్వర్ ఉండదు కాబట్టి ఆ పరీక్షలో ఓడిపోతుంది. డీకిమ్ సంతకం చెక్కుచెదరకుండా ఉంటే గట్టెక్కుతుంది. మధ్యలో ఏ సాఫ్ట్‌వేరో కింద ఒక హెచ్చరిక వాక్యం చేర్చిందా, ఆ సంతకమూ పోతుంది. పైగా మీకు వచ్చిన అసలు స్పామ్ కూడా ఇదే దారిలో జీమెయిల్‌కు చేరి, మీ సర్వర్‌కే చెడ్డపేరు తెస్తుంది. పని మెయిళ్లకు ఫార్వర్డింగ్ నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. మెయిల్‌బాక్స్ ఖర్చు గడువు తప్పిన నష్టం ముందు చాలా చిన్నది.

స్పామ్‌లోనూ లేదు, ఇన్‌బాక్స్‌లోనూ లేదు అంటే ఇంకా చూడాల్సిన చోట్లు ఉన్నాయి. జీమెయిల్‌లో ప్రమోషన్స్, అప్‌డేట్స్ అనే ట్యాబులు 2013లో వచ్చాయి, నోటిఫికేషన్లు తరచు అప్‌డేట్స్‌లోకి వెళ్తాయి. అవుట్‌లుక్‌లో ఫోకస్డ్ పక్కన 'అదర్' అని ఇంకో అర ఉంటుంది. వీటికంటే కనిపించనిది క్వారంటైన్. పెద్ద సంస్థల్లో అనుమానం వచ్చిన మెయిల్‌ను ఉద్యోగి ఖాతా దాకా రానివ్వకుండా పక్కన ఆపేస్తారు. మైక్రోసాఫ్ట్ 365లో అలా ఆగినవి ఎక్కువలో ఎక్కువ 30 రోజులుంటాయి, ఆ తర్వాత మాయం. అక్కడ ఏముందో అడ్మిన్ వారానికోసారైనా చూడాలి. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్ కూడా 30 రోజులకు ఖాళీ అవుతుంది.

ఆపిన మెయిల్‌ను వదలమని అడిగితే కొందరు అడ్మిన్లు అది పంపిన డొమైన్ పేరుతో ఏది వచ్చినా వదిలేయ్ అని నియమం పెట్టేస్తారు. అలా చేయకండి. టీమ్స్ పేరుతో, స్లాక్ పేరుతో దొంగ నోటిఫికేషన్లు పంపి పాస్‌వర్డ్‌లు కాజేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు మనమే తలుపు తెరిచినట్టవుతుంది. ఆ పేరుతో వచ్చి, డీమార్క్ పరీక్షలో కూడా నెగ్గితేనే వదలమని నియమం రాయాలి. ఆ వెసులుబాటు ఉంది.

ఇంత వెతికాక చివరికి తేలేది ఒక్కోసారి, యాప్ అసలు మెయిల్ పంపలేదని. పంపకపోవడం దాని తప్పూ కాదు. స్లాక్ మీరు యాప్‌లో చురుగ్గా ఉన్నంతసేపూ మెయిల్ పంపదు. మీరు లేనప్పుడు మాత్రం పావుగంటకో, గంటకో ఒకసారి కలిపి పంపుతుంది. ట్రెల్లోలో వెంటనే, అప్పుడప్పుడు, అసలు వద్దు అని మూడు రకాలున్నాయి. జీరాలో మీరే చేసిన మార్పుకు మీకే మెయిల్ రాకుండా ఉండటం మామూలు. అడ్మిన్ తన పేరు మీదే ఒక టాస్క్ వేసుకుని, మెయిల్ రాలేదే అని తల పట్టుకుంటాడు. పరీక్ష ఎప్పుడూ ఇద్దరు మనుషుల మధ్య జరగాలి, ఒకరు వేయాలి, ఇంకొకరు అందుకోవాలి.

డీఎన్‌ఎస్ పనంతా సక్రమంగా చేసిన ఆఫీసుల్లో కూడా మెయిళ్లు చేరకపోవడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. అతిగా పంపడం. ఎవరో కామెంట్ పెడితే మెయిల్, ఎవరో కార్డు జరిపితే మెయిల్, ఎవరో బొటనవేలు గుర్తు పెట్టినా మెయిల్. రోజుకు నూట యాభై మెయిళ్లు వచ్చిపడుతుంటే మనిషి ఏం చేస్తాడు? ఫిల్టర్ పెట్టి ఒక ఫోల్డర్‌లోకి తోసేస్తాడు, లేకపోతే విసుగొచ్చి 'రిపోర్ట్ స్పామ్' నొక్కుతాడు. ఆ నొక్కుడు ఊరికే పోదు. పంపేవారి మీద వచ్చే స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, 0.1 శాతం లోపు ఉంచుకోవాలని జీమెయిల్ చెబుతోంది. 0.3 శాతమంటే వెయ్యి మెయిళ్లకు మూడు ఫిర్యాదులు. పాతిక మంది ఉన్న టీమ్‌లో ఒక్కరు విసిగి రెండు రోజులు ఆ బటన్ నొక్కితే చాలు, మీ సొంత డొమైన్ పేరుతో వెళ్లే మెయిళ్లకు ముప్పు. మీరు మామూలు జీమెయిల్ ఖాతాతో నోటిఫికేషన్లు పంపుతుంటే రోజుకు 500 దగ్గర ఆగిపోతాయి, డబ్బు కట్టే గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతాకైతే 2,000. ఉదయమంతా కామెంట్ల మెయిళ్లతో ఆ లెక్క నిండిపోతే సాయంత్రం వెళ్లాల్సిన గడువు హెచ్చరిక వెళ్లదు.

నేను ఎక్కడికెళ్లినా చెప్పేది, మెయిల్‌గా వెళ్లాల్సినవి మూడే. మీకు పని అప్పగించారు, మీ ఆమోదం కావాలి, గడువు దగ్గరపడింది. మిగతాదంతా యాప్‌లోనే ఉండనివ్వండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లతో కలిసి పనిచేసే హైదరాబాద్ టీములకు ఇది మరీ ముఖ్యం. అక్కడ పగలు పని జరిగేటప్పుడు ఇక్కడ రాత్రి. తెల్లవారి లేచేసరికి ఎనభై మెయిళ్ల మధ్య తన పేరు మీద పడ్డ ఒక్కటి ఎక్కడుందో ఆ మనిషి వెతుక్కోవాలి. రాత్రి జరిగినవన్నీ కలిపి ఉదయం ఒకే మెయిల్‌గా పంపేలా పెట్టుకుంటే, ఆ ఒక్కటి చదువుతారు. సబ్జెక్టు లైన్‌లో మొదటి నాలుగు మాటల్లోనే ఏం చేయాలో ఉండాలి. 'అప్‌డేట్' అని మొదలైతే ఫోన్ తెర మీద అంతవరకే కనిపిస్తుంది.

సబ్జెక్టు తెలుగులో పెట్టొచ్చా అని సహకార సంఘాల వాళ్లు, స్కూళ్ల వాళ్లు అడుగుతుంటారు. నిక్షేపంగా పెట్టొచ్చు. ఇంగ్లీషు కాని అక్షరాలను సబ్జెక్టులో ఎలా పంపాలో 1992లోనే నియమాలు వచ్చాయి. సరిగ్గా రాసిన సాఫ్ట్‌వేర్ వాటిని పాటిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ పంపిన మెయిల్‌లో తెలుగు బదులు ప్రశ్నార్థకాల వరుస కనిపిస్తే లోపం సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని బాగుచేయమని గట్టిగా అడగండి, మీ భాష మార్చుకోకండి.

ఆఫీసులో ఎవరో ఒకరికి ఈ పని పేరుపెట్టి అప్పగించాలి. 'ఐటీ వాళ్లు చూసుకుంటారు' అంటే ఎవరూ చూడరు. నెలకోసారి ఆ మనిషి యాప్ నుంచి ఒక టాస్క్ వేసి, గ్రూప్ ఐడీకి, ఒక జీమెయిల్‌కు, ఒక అవుట్‌లుక్‌కు అది ఎంతసేపటికి వచ్చిందో, ఏ ఫోల్డర్‌లో పడిందో రాసిపెట్టుకోవాలి. కొన్ని సర్వర్లు తెలియని చోటి నుంచి వచ్చిన మొదటి మెయిల్‌ను తాత్కాలికంగా తిప్పి పంపి, మళ్లీ వస్తేనే తీసుకుంటాయి. పది నిమిషాలు ఆలస్యమైతే కంగారు పడక్కర్లేదు. వెబ్‌సైట్ మారినప్పుడు, కొత్త సర్వీసు చేరినప్పుడు నెల దాకా ఆగకుండా అప్పుడే పరీక్ష చేయాలి.

ఎవరైనా ఉద్యోగం మానేసినప్పుడు కూడా ఈ పరీక్ష చేయాలి. చాలా చోట్ల యాప్ మెయిళ్లు పంపడానికి వాడేది, దాన్ని మొదట పెట్టిన ఉద్యోగి సొంత ఆఫీసు ఖాతా, దాని పాస్‌వర్డు. ఆయన వెళ్లిపోయిన రోజు నియమం ప్రకారం ఖాతా మూసేస్తారు, ఆ సాయంత్రం నుంచి ఆఫీసు మొత్తానికి నోటిఫికేషన్లు ఆగిపోతాయి. మెయిళ్లు పంపడానికి మనిషి పేరు లేని విడి ఖాతా ఒకటి తెరవండి. దాని పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉంచండి. బౌన్స్ అయిన మెయిళ్ల సమాచారం ఆ ఖాతాకే వస్తుంది కాబట్టి, వారానికోసారి దాని ఇన్‌బాక్స్ కూడా ఎవరో ఒకరు తెరిచి చూడాలి.